ఒంటిపూట

చరియలున్న సముద్రాలని ఫోటోల్లోనే చూశాను.
మా మద్రాసుకి ఆ యోగం లేదు.
ఇక్కడ నేల తల వంచుకుని నీళ్ళలోకి వెళ్ళిపోతుంది,
అప్పు అడగడానికొచ్చిన చుట్టంలా, చప్పుడు లేకుండా.

అయినా బూట్లు కొన్నాను.
నాలుగువేల రెండొందలు, అడుగున పళ్ళున్నవి.
ధనకోటి వాటిని చూసి నవ్వలేదు.
"చరియే కదా నీకు కావాలి? తిరువొత్తియూరు రా,
అయిదున్నరకల్లా. కడుపునిండా తిని రాకు."

వెళ్ళేసరికి కంటైనర్ లారీలు
ఒకదాని వీపుకి ఒకటి ముఖం ఆన్చి నిద్రపోతున్నాయి.
రోడ్డుకి ఇటు లారీలు. అటు రాళ్ళు.
ఒక్కోటీ ఆటో అంత; కొన్ని ఆటోని మింగేంత.
రాళ్ళకి అవతల ఇక ఎవరి అడ్రసూ లేదు.

చెప్పులు చేత్తో పట్టుకుని అతను ముందు నడిచాడు.
"ఊగే రాయి మీద ఆగకు.
ఊగని రాయిని నమ్మకు."
నాకిచ్చిన శిక్షణ అంతే.

మొదటి గంట నేను సముద్రాన్ని చూడనేలేదు.
కాలు, సందు, రాయి, సందు, కాలు.
సందుల్లో ఏమున్నాయో మాత్రం చెప్పగలను:
తెగిన నైలాను వల, ఒంటి చెప్పు,
రంగు కరిగిన బొమ్మ చెయ్యి,
పెళ్ళి ఫ్లెక్సీలో సగం పెళ్ళికొడుకు,
ఇంకా, రాతిలో గుండ్రటి బెజ్జంలోంచి
నన్ను తేరిపార చూసిన ఎండ్రకాయ.
"డ్రిల్లు బెజ్జం అది. మందు కూరి
కొండని పేల్చింది అందులోంచే" అన్నాడు ధనకోటి.
"ఇప్పుడు దానికి ఇల్లు."

ఇరవై రెండేళ్ళు క్రేను నడిపాడు.
ఏ కొండ ఇది, అని అడిగితే
లారీవాళ్ళకే తెలుసన్నాడు.
ఎక్కడో కొండ ఉన్నచోట గుంట,
ఇక్కడ ఊరు ఉన్నచోట కెరటం,
మధ్యలో డీజిలు ఖర్చు.

నీళ్ళలోకి చాచిన రాతికట్ట చివర కూచున్నాం.
అతను పొట్లం విప్పాడు, నాలుగు ఇడ్లీలు, కారప్పొడి.
ఇడ్లీ పట్టుకున్న చేత్తోనే చూపించాడు:
"నీలం పడవ కనిపిస్తోందా? దానికి ఇవతల మా వంటిల్లు.
సరిగ్గా పడవ కింద వీధి పంపు.
అవతల, మా అత్త నెత్తళ్ళు ఎండేసిన ఇసక."

మొదట మర్యాదకి చూశాను.
తర్వాత ఒక అల, పంపు దగ్గర
బిందె ఎత్తుకోడానికి వంగినట్టు అనిపించింది.
వంగి ఉండదు. ఎండ అప్పటికే కళ్ళలో పడుతోంది.

"మరి మీ వీధి ముందు రాళ్ళు ఎవరు వేశారు?"

"నేనే. ఆ వారం నా డ్యూటీ.
వీధి ఎలాగూ పోయింది, రోడ్డన్నా మిగలాలి కదా.
అన్నిటినీ గాల్లోంచే జారవిడిచేవాళ్ళం.
ఒక్కదాన్ని మాత్రం దించాను.
సూపర్వైజరు కింద నుంచి డీజిలూ డీజిలూ అని అరుస్తున్నాడు.
గడపలా అడ్డంగా పెట్టాను.
ఆ ఏడు తుపాను పోటుకి
అది ఎటు దొర్లిందో తెలీదు."

కారప్పొడి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి
జేబులో వేసుకున్నాడు.

పదకొండింటికి ఎన్నూరు పొగగొట్టాలు కనిపించాయి.
రాళ్ళు అయిపోయాయి.
చదునైన ఇసక మీద మొదటి అడుగుకే
నేను ముందుకి తూలిపడ్డాను.
పొద్దుట్నించీ ఒక్కసారి కూడా పడని వాణ్ణి.
ధనకోటి అప్పుడు నవ్వాడు.
చెప్పులు కిందపడేసి తొడుక్కున్నాడు.

బస్సులో కిటికీ సీటు నాకిచ్చాడు, సముద్రం వైపుది.
తను లారీల వైపు తల తిప్పి నిద్రపోయాడు.
స్పీడు బ్రేకరు దగ్గర బస్సు ఎగిరిపడినప్పుడు
అతని కుడిచెయ్యి, మోకాలి మీదే,
కనిపించని లివరునొకదాన్ని
మెల్లగా, అరచేతిలో గుడ్డున్నంత మెల్లగా,
కిందికి దించింది.